చాపల్లో చుట్టిన చేపలు

ఊడుపులు ముగిసి నాట్లు పచ్చబడుతున్న రోజుల్లో, ఒక ఉదయం అప్పలసూరి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మోపెడ్ స్టాండు తీస్తూ పెళ్ళానికి ఒకే ఒక్క మాట చెప్పాడు: "సేపలకి ఎల్తన్నానే."

లోపల ఈశ్వరి మిక్సీ తిప్పుతోంది. ఆ మిక్సీలో పచ్చడి ఎంత నలుగుతుందో, పక్కనున్నవాడి మాటా అంతే నలుగుతుంది. అప్పలసూరి నోట 'సేప'గా బయలుదేరింది ఈశ్వరి చెవిలో 'సాప'గా దిగింది. ఇంట్లో ఉన్న చాపలు చిరిగి, కూర్చున్నవాళ్ళకి చాప అచ్చు, లేచాక చాపకి వాళ్ళ అచ్చు పడుతున్న కాలమది. తను అడక్కుండా మొగుడు ఒక వస్తువు కొనడానికి వెళ్ళడం పెళ్ళయ్యాక ఇదే మొదలు కాబట్టి, ఆ సంతోషం ఒంటరిగా పట్టలేక గోడ మీదుగా పక్కింటికి అందించింది.

"వదినా, మా ఇంటాయన సాపలకి ఎల్తన్నాడు."

పక్కింటి భారతి, ఈశ్వరికి అన్నయ్య అయిన జోగయ్య భార్య. ఆవిడ చేతిలో చీపురు ఆగిపోయింది. "సాపలా? ఇంటికెవలొస్తన్నారేటి?"

గేటు దగ్గర ఉన్న అప్పలసూరి ఇదంతా విన్నాడు. వెనక్కి తిరిగి 'సాపలు కాదే, సేపలు' అనబోయి, నోరు మూసుకున్నాడు. ఈ ఊళ్ళో అప్పలసూరి నోరు మూసుకోవడం చిన్న విషయం కాదు. అతను గుసగుసలాడితే నౌపడలో రైలు ఆగిపోతుందని జోగయ్య అంటుంటాడు. మరి ఆ నోటికి తాళం ఎందుకు పడిందంటే, తాళం చెవి సాలూరులో ఉంది.

సాలూరులో అతని కూతురు దీపిక ఉంది. అల్లుడు లారీ తోలుతాడు. పోయినేడాది ఆ అమ్మాయి నెల తప్పినప్పుడు అప్పలసూరి మూడో నెలకే మిఠాయి పొట్లం పట్టుకుని, తాతనౌతున్నానని వీధి మొదలు నుంచి చివరిదాకా చెప్పుకొచ్చాడు. అయిదో నెలలో ఆ సంతోషం చేజారిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోయినా అప్పలసూరికి మాత్రం, ఆ దిష్టి తన నోటి గుండానే వెళ్ళి కూతురికి తగిలిందని మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. ఒంట్లో రక్తం తక్కువుందని, చేపలు బాగా పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. సాలూరు దాకా వచ్చేసరికి సముద్రం చేప ఐసులో కూర్చుని వయసు దాచుకుంటుంది. ఏడో నెలలో పుట్టింటికి వచ్చే పిల్లకి మడిలోంచి తీసిన చేప అప్పటికప్పుడు వండి పెట్టాలని అప్పలసూరి పథకం. చేపలు ఎందుకంటే కూతురి సంగతి చెప్పాలి. కూతురి సంగతి ఏడో నెల దాకా చెప్పకూడదు. కాబట్టి చేపల సంగతీ చెప్పకూడదు. మేనమామ జోగయ్యకైనా సరే.

అందుకే గేటు దగ్గర అతను గొంతు సవరించుకుని, "అవును, సాపలకే," అన్నాడు.

కోటబొమ్మాళి దాటాక చేపపిల్లల్ని పెంచి అమ్మే చెరువు ఒకటుంది. చెరువు ఆసామి వరి మడికైతే బంగారుతీగ రకం మేలన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఈశ్వరి అడుగుతున్నది కూడా బంగారుతీగే, మెడలోకి. అది తోకతో వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకుని ఉండదు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు మిలమిలలాడుతుంటే అప్పలసూరి వాటిని చూసి ముచ్చటపడి, సంతకెళ్ళి నాలుగు తుంగచాపలు కొని, సంచుల్ని వాటిల్లో చుట్టి మోపెడ్ వెనక కట్టాడు. అబద్ధానికీ ఒక ఆధారం ఉండాలి కదా.

దారిలో జోగయ్య ఎదురయ్యాడు.

"బావా, సాపల్లోంచి నీల్లు కారతన్నాయేటి?"

"తుంగసాపలు కదా. తడిపి సుట్టకపోతే ఇరిగిపోతాయట."

"కదల్తన్నాయి కూడాను."

"మోపెడ్ బావా ఇది. ఆపినా కదల్తాది."

జోగయ్య నమ్మాడు. నమ్మడం అతని వృత్తి, వ్యవసాయం వ్యాపకం.

మడి గట్టు వెంట అప్పలసూరి ముందే మోకాలి లోతు గుంట తవ్వి ఉంచాడు, ఎండలకు మడిలో నీరు తగ్గితే చేపలు దిగి తలదాచుకోవడానికి. ఆ వైపు ఆడపిల్లనూ గుంట అనే పిలుస్తారు. తవ్వుతున్న రోజున జోగయ్య వచ్చి ఈ గుంటెందుకని అడిగితే, అప్పలసూరి నోటి తాళం ఒక్క క్షణం వదులై, "గుంట కోసమే," అని నిజం చెప్పేశాడు. గుంట కోసం గుంటేమిటని జోగయ్య ఇంటిదాకా ఆలోచించి, బావకి ఎండదెబ్బ తగిలిందని తేల్చుకుని సాయంత్రం మజ్జిగ పంపాడు.

సంచుల మూతులు నీళ్ళలో విప్పగానే పిల్లలు కాసేపు అతని కాళ్ళ చుట్టూ తచ్చాడి, తర్వాత ఒక్కొక్కటే వరి దుబ్బుల సందుల్లోకి వెళ్ళిపోయాయి. అప్పలసూరి చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, వంగి వాటికి మాత్రం వినపడేలా, "బేగి పెరగండమ్మా. మా గుంటకి రగతం పట్టాల," అన్నాడు.

ఇంటికొచ్చాక ఈశ్వరికి అసలు సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ చాపల్ని తడిమి చూసి, చేపల వాసన పట్టి, కోప్పడదామనుకుని, కూతురి పేరు వినగానే కళ్ళొత్తుకుని చాపల్ని ఎండలో ఆరేసింది.

అక్కడి మళ్ళ సంగతి కొంచెం చెప్పుకోవాలి. వాగు నీరు, అక్కడి మాటలో గెడ్డ నీరు, కాలవ గుండా వచ్చి ముందు అప్పలసూరి మడిలో పడుతుంది. అక్కడ నిండాక గట్టుకున్న గండి గుండా కిందనున్న జోగయ్య మడికి, అక్కణ్ణుంచి నరసింగరావు మడికి, తర్వాత మరికొందరి మళ్ళకి, అందరూ తాగి వదిలాక అన్నిటికన్నా పల్లంలో ఉన్న లక్ష్మీనరసమ్మ శివారు మడికి చేరుతుంది. కరువులో ఆవిడకి చుక్క రాదు, వరదలో అందరి నీళ్ళూ ఆవిడవే. పోతే ఆ వరసలో ఒక మర్యాద ఉంది. పొద్దున్నే ఎవరు ముందు వెళితే వాళ్ళు, శివారు దాకా పోకపోయినా పై మళ్ళ గట్లన్నీ చూసి, నీరెక్కువైతే గండి తీసి, తక్కువైతే మూసి వస్తారు. అడగరు. చేశాక చెప్పుకోరు. చెప్పుకుంటే అది సాయం కాదు, చాటింపు.

ఆ మర్యాదే అప్పలసూరి ప్రాణం మీదికి వచ్చింది. చేపల కోసం అతను నీరు లోతుగా నిలిపేవాడు. అంత నీరుంటే దుబ్బు కుళ్ళిపోతుందని జోగయ్య గండి తీసేవాడు. అప్పలసూరి మూసేవాడు. మర్నాడు జోగయ్య తీసేవాడు. చివరికి అప్పలసూరి పాత దోమతెర చింపి గండికి అడ్డంగా కట్టాడు. నీరు పోతే పోయింది, పిల్లలైనా మిగులుతాయని.

తర్వాత నరసింగరావు వీపున మందు పంపు తగిలించుకుని వచ్చాడు. పురుగు కనబడుతున్నా అప్పలసూరి మావ మందు కొట్టడం లేదంటే చేతిలో లేక కాబోలని జాలిపడి, తన మందే తెచ్చాడు. అప్పలసూరి గట్టు మీద రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. మందు పడితే చేప బతకదు. ఏం చెప్పాలో తోచక, నోటికొచ్చింది చెప్పాడు.

"మొక్కున్నాదిరా. దసరా దాకా ఈ మడిలో ఇసం పడకూడదు."

మొక్కు అనే మాట మొక్కలా నాటుకుని సాయంత్రానికి ఊరంతా పాకింది. అప్పలసూరి తెల్లారగట్ల మడిలో తవుడు చల్లుతున్నాడు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు, పైగా చాపలు కొన్నాడు. మొక్కు, చాపలు. రెండూ కలిపి చూస్తే దసరాకి సంతర్పణ అని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. భారతి వచ్చి తన పెద్ద డేగిశా ఇస్తానంది. జోగయ్య తనే వెళ్ళి వంటమనిషితో మాట్లాడి వచ్చాడు. ఎంతమందికి బావా అని అడిగితే అప్పలసూరి ఆకాశం వైపు చూశాడు. ఆ చూపులో భక్తి ఉందని జోగయ్య అందరికీ చెప్పాడు.

ఇంతలో దీపికకి నీరసంగా ఉందని కబురొస్తే అప్పలసూరి సాలూరు వెళ్ళాడు. కూతురి పక్కన కూర్చుని, పాలిపోయిన ఆ చేతివేళ్ళు చూసి, తల నిమిరి, మర్నాడు తిరిగొచ్చాడు. బస్సు దిగి తిన్నగా మడికే వెళ్ళాడు.

గండి బార్లా తెరిచి ఉంది. దోమతెర ఎక్కడా లేదు. మడిలో నీరు పాదం మునిగేంత. పైన యూరియా చల్లిన తెల్లటి జాడ. గుంటలోకి తొంగిచూస్తే ఏవో నాలుగు నీడలు తప్ప ఏమీ లేవు. అప్పలసూరి గట్టు మీద కూలబడ్డాడు.

జోగయ్య వెనకనుంచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది. బావ ఊళ్ళో లేడు కదాని నీరంతా దించి, తన యూరియాయే చల్లాడట. గండిలో ఎవరిదో పాత గుడ్డ అడ్డంపడి ఉంటే తీసిపారేశాడట. చేశాక చెప్పుకోకూడదు గాని బావ దిగాలుగా ఉన్నాడని చెబుతున్నాడట.

ఏడవడానికి కారణం చెప్పాలి. తిట్టడానికీ చెప్పాలి. రెండూ కుదరక అప్పలసూరి, "మంచి పని సేసినావు బావా," అన్నాడు. ఆ ఒక్క మాటకి పట్టినంత బలం ఊడుపులకీ పట్టలేదు.

ఇంటి దగ్గర ఈశ్వరి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ముద్ద దిగడం లేదని చూసి మెల్లగా అంది. "నీటితో పోయిన సేప నీటిలోనే ఉంటాది గదా. ఎక్కడో దగ్గర బతుకుతాది. ఉన్న నాలుగింటికి మేత ఎయ్యి."

అలా ఉన్న నాలుగింటికి తవుడు చల్లుతూ అప్పలసూరి రోజులు నెట్టాడు. ఆ రోజుల్లోనే అతనికి ఒక వింత కనిపించసాగింది. గండి తీయడం మానేసిన జోగయ్య, తన మడిలో కూడా నీరు లోతుగా నిలపడం మొదలెట్టాడు. నరసింగరావు మందు పంపు కడిగి అటకెక్కించాడు. తెల్లారగట్ల గట్టు మీద ఒకరికొకరు ఎదురుపడుతున్నారు. అందరి లుంగీ మడతల్లోనూ ఏదో పొట్లం ఉంది. ఎదురుపడగానే అందరూ మబ్బుల గురించి మాట్లాడుకుంటున్నారు.

"మందు కొట్టడం మానేసినావేటిరా?" అని అప్పలసూరి నరసింగరావుని అడిగాడు.

"మొక్కు మావా," అన్నాడు నరసింగరావు, కళ్ళు దించుకుని.

జోగయ్యా అదే అన్నాడు. తన అబద్ధపు మొక్కు చూసి ఊరికి నిజం భక్తి పుట్టిందని అప్పలసూరి సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఒక పాపం ఇన్ని పుణ్యాలు కంటుందని అతనికి తెలియదు.

దసరాకి ముందు దీపిక వచ్చింది. వీధంతా బయటికొచ్చి చూసింది. ఏడో నెల కడుపు ఏ చాపలో చుట్టినా దాగదు. భారతి పరుగున వచ్చి దీపిక బుగ్గలు నిమిరింది గాని, ఆడపడుచు ఈశ్వరి వైపు మాత్రం తిరిగి చూడలేదు. జోగయ్య గుమ్మంలో నిలబడి మేనకోడల్ని కళ్ళారా చూసి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు. ఆ మౌనం అప్పలసూరికి బాగా తగిలింది. కూర కోసం వల వేస్తే గుంటలో ఉన్న నాలుగూ వల సందుల్లోంచి అతనికి వీడ్కోలు చెప్పాయి. ఆ రాత్రి కూతురికి పెట్టింది పప్పే.

అంతలో వాన పట్టుకుంది. బంగాళాఖాతంలో ఏదో వాయుగుండమట. గెడ్డ పొంగింది, గట్లు మునిగాయి, మళ్ళన్నీ కలిసి ఒకే నీరైపోయాయి. రెండోనాటి ఉదయం తెరిపి ఇవ్వగానే అప్పలసూరి గొడుగు వేసుకుని, గొడుగు చాటున బుట్ట పెట్టుకుని, నీరు పోయిన దారినే పోయాడు. ఆ దారి తిన్నగా లక్ష్మీనరసమ్మ శివారు మడికి పోతుంది.

అక్కడికి వెళ్ళేసరికి గట్టు మీద అప్పటికే ఊరుంది. జోగయ్య, భారతి, నరసింగరావు, ఇంకా ఆ వరసలో మడి ఉన్న ప్రతివాళ్ళూ. అందరికీ గొడుగులు. అందరి గొడుగులూ వాన లేని వైపుకి వంగి ఏదో దాస్తున్నాయి. ఎందుకొచ్చారంటే లక్ష్మీనరసమ్మ గట్టు తెగిపోయి ఉంటుందేమోనని సాయానికి వచ్చారట.

లక్ష్మీనరసమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి తన మడి మధ్యలో నిలబడి ఉంది. పైనుంచి నీరు రావడం చూసి ఆవిడ తెల్లారగానే తన గండిని తాటాకులతో మూసేసింది. ఆవిడ చుట్టూ నీరు ఉడుకుతున్నట్టు కదులుతోంది. అరచేయంత, జానెడంత, వీపులు బంగారంగా మెరుస్తూ, ఆ వరస మళ్ళ చేపలన్నీ ఆవిడ కాళ్ళ దగ్గరకొచ్చి చేరాయి.

"ఇన్నేళ్ళూ నా గట్టు తెగితే ఒక్కడూ రానేదు," అంది ఆవిడ. "ఈయేల సాయానికి బుట్టలెందుకర్రా?"

జోగయ్య గొడుగు సర్దుకోబోతే చంకలోంచి ఒక గుడ్డ జారి నీళ్ళలో పడింది. అప్పలసూరి దాన్ని గుర్తుపట్టాడు. తన పెళ్ళినాటి దోమతెర.

"అది మా దోమతెర బావా."

"నీదా?" అని జోగయ్య తెల్లబోయాడు. ఆ తర్వాత అతని ముఖంలో ఒక్కొక్క సంగతే తెల్లవారింది. ఆ రోజు గండి తీశాక తన మడిలో చేపలు కనబడ్డాయి. గెడ్డ నీటితో కొట్టుకొచ్చిన అదృష్టం అనుకున్నాడు. చెబితే దిష్టి తగులుతుందని భార్యకి తప్ప చెప్పలేదు. నీరు నిలిపాడు, మందు మానేశాడు, తెల్లారగట్ల తవుడు చల్లాడు. ఎవరైనా అడిగితే మొక్కు అన్నాడు. అవి కిందికి పోకుండా పారేసిన ఆ దోమతెరనే ఏరి తెచ్చి తన గండికి కట్టాడు గాని, చిరుగుల్లోంచి సగం నరసింగరావు మడికి దిగిపోయాయి. నరసింగరావు కూడా తన అదృష్టాన్ని అంతే భద్రంగా, అంతే తవుడుతో దాచుకున్నాడు. ఆ వరసలో ఒక్కొక్కరే ఇదే కథ చెప్పుకొచ్చారు. చెబుతున్న కొద్దీ ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు.

"మొక్కన్నావేటి మరి?" అని భారతి అప్పలసూరిని నిలదీసింది.

"మొక్కూ నేదు, తొక్కూ నేదు," అన్నాడు అతను. ఇంక దాచడానికి ఏమీ మిగలలేదు. చేపపిల్లలు తెచ్చిందీ, చాపల్లో చుట్టిందీ, దీపిక ఒంట్లో రక్తం లేనిదీ అంతా చెప్పాడు. గొంతు అతనిదే గాని, ఎప్పటి అతని గొంతు కాదు. "పోయిన తడవ నా నోటితో ఊరంతా సాటినాను గదా. ఈ తడవ మూసుకుంటే దక్కుతాదనుకున్నాను."

జోగయ్య నీళ్ళలోకి దిగి దోమతెర తీసి పిండాడు. పిండినదాన్నే మళ్ళీ పిండాడు.

"మేనమావని గదా బావా నాను," అన్నాడు. "నాతో సెప్తే దిష్టి ఎలగ తగుల్తాది? నాకు తగిలి ఆగిపోయేది గదా."

అప్పలసూరీ నీళ్ళలోకి దిగాడు. బావ చేతిలోని దోమతెర రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.

లక్ష్మీనరసమ్మ తన చుట్టూ తిరుగుతున్న చేపల్ని చూపించింది. "మరి ఈ సేపలెవలివర్రా? పిల్లల్ని ఏసింది సూరి. తవుడేసింది మీరందరూ. సేరింది నా కాడికి."

"నీవే అప్పా," అన్నాడు అప్పలసూరి. "నీ మడిలో ఉన్నాయి."

"నావేనా? ఐతే నా మాట ఇనండి. కడుపుతో ఉన్న గుంటకి దినానికి రెండు సేపలు, పురుడొచ్చేదాకా. పట్టుకోడానికి జోగయ్య వస్తాడు. కాతీక మాసం వస్తే మీరు మానీండి, గుంటకి మాత్రం ఆపీకండి. మిగిలినయి ఈయేలే వండీయండి. దసరా సంతర్పణని ఊరంతా నోరు కట్టుకుని కూకున్నాది." ఆగి, కిందనుంచి పైకి ఆ వరస మళ్ళన్నిటినీ ఒకసారి చూసింది. "మీరు తాగి వదిలిన నీల్లే ఎప్పుడూ నా మడికొచ్చేవి. ఈ తడవ నీల్లలో మీరందరూ దాసుకున్నది కూడా వచ్చినాది."

మొదట నవ్వింది భారతి. తర్వాత గట్టంతా నవ్వింది. దాచిన బుట్టలన్నీ గొడుగుల చాటునుంచి బయటికొచ్చాయి.

ఆ మధ్యాహ్నం అప్పలసూరి ఇంటి ముందు భారతి డేగిశా పొయ్యికెక్కింది. అప్పటికే బయానా పుచ్చుకున్న వంటమనిషి, మొక్కు సంతర్పణకి పులుసేమిటని ముక్కు మీద వేలేసుకుని, ఆ వేలితోనే చింతపండు పిసికాడు. దీపిక అరుగు మీద కూర్చుని, మేనమామ ముల్లు తీసి పెడుతుంటే చేప తింటోంది. ఇంకో ముక్క పెట్టమని ఆ పిల్ల అడిగినప్పుడు అప్పలసూరి అటు తిరిగి, ఉల్లిపాయల వల్ల కాని కన్నీళ్ళని ఉల్లిపాయల మీదికి తోసేశాడు.

అసలీ చాపల సంగతేమిటని ఎవరో అడిగితే, మిక్సీ చప్పుడులో తనకి సేప సాపగా వినబడిందని ఈశ్వరి అందరి ముందూ ఒప్పుకుంది. ఆ మిక్సీని తేవమ్మా చూద్దామని జనం పట్టుబట్టారు. తెచ్చి, చూపించి, దానికీ ఒక నమస్కారం పెట్టించి లోపల పెట్టింది. తర్వాత చేపల కోసం కొన్న ఆ నాలుగు చాపలూ వీధిలో పరిచింది. జనం వస్తూనే ఉన్నారు.

చేపలు అందరికీ చాలాయి. చాపలే చాలలేదు.